పంతొమ్మిదో వారం

మొన్న తార్నాకలో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనున్న ఒకాయన తన స్నేహితుడికి సినిమా కథ చెబుతున్నాడు. రైలు వెళ్లిపోయాక కథానాయకుడు ప్లాట్‌ఫారం మీద రెండు టీ గ్లాసులు పట్టుకుని నిలబడే సీను దగ్గరికి వచ్చేసరికి ఆయన తన చేతులతో రెండు గ్లాసులూ పట్టి చూపించాడు.

"హాల్లనే ఏడ్చిన భయ్! ఏం యాక్టింగ్ అది!"

ఆ సినిమా నేనూ చూశాను. అందులో ఆ సీను లేదు. ఆ సినిమాకు మూలమైన నవలలోనూ ఆ సీను లేదు. అది లోకం మొత్తం మీద ఒకే ఒక్క పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం మా యూనివర్సిటీ లైబ్రరీ వెనక రేకుల గదిలో ఉండేది. ఇప్పుడు దానిలోనూ లేదు. ఆయన మాకంటే కొన్నేళ్ల ముందు మా హాస్టల్‌లో ఉండి, ఆ పుస్తకం చదివి, తర్వాత సినిమా చూసి, రెండూ కలిపేసుకుని ఉంటాడు. సరిదిద్దుదామని నోరు తెరిచాను. బస్సు వచ్చి ఆయన్ని ఎక్కించుకుని పోయింది. మంచిదే అయింది. ఈ విషయంలో సరిదిద్దితే ఏమవుతుందో నాకు ఇదివరకే అనుభవం.

ఆ రేకుల గదిలో ఒకాయన పుస్తకాలు కుట్టేవాడు. పేరు జీతాల రిజిస్టరులో ఉండే ఉంటుంది. మేం మాత్రం బైండర్ సాబ్ అనేవాళ్లం. కడప వైపు మనిషి. పదేళ్లు హైదరాబాదులో ఉన్నా హైదరాబాదు ఆయన నోట్లోకి దూరలేదు. తార్నాకలో రైల్వే క్వార్టర్ల వెనక ఒక గది బాడుగకు తీసుకుని ఒక్కడే ఉండేవాడు. మధ్యాహ్నం తెరిచే టిఫిను డబ్బాలో రెండు గిన్నెలు, రెండింటిలోనూ ఒకటే అన్నం, ఒకటే పప్పు. పెళ్లయిందా అని ఒకసారి అడిగితే "అయింది" అన్నాడు. ఆమె ఎక్కడున్నారు అంటే "ఉండారు" అన్నాడు. రెండు ప్రశ్నలకూ జవాబు వచ్చింది కాబట్టి నేను మూడోది వేయలేదు.

కుడిచేతి బొటనవేలికి గోరు పెంచేవాడు. అది అలంకారం కాదు, పనిముట్టు. మడిచిన కాగితం మీద ఆ గోటితో ఒక్కసారి గీస్తే, ఆ మడత మళ్లీ జన్మలో విప్పుకోదు. కొత్తగా వచ్చిన పుస్తకాన్ని ఎడమచెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపులతో వెన్ను మీద కొట్టేవాడు. "ఇది ఇంకా మూడేండ్లు బతుకుతాది" అనేవాడు. అర్థశాస్త్రం పుస్తకాల గురించి మాత్రం "దీనికి సావు లేదు, ఎవురూ తెరవరు" అనేవాడు.

ఆయన చాలా చదివినవాడని ముందు అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన చదివిందంతా ఊడిపోయిన పుటలు మాత్రమే. కుట్టే ముందు వాటిని వరసలో పెట్టుకోవాలి కదా, అప్పుడు చదివేవాడు.

"శానామంది యా పుటకాడ ఆగినారో, ఆ పుటే ముందు ఊడతాది అబ్బోడా," అనేవాడు. "మంచివన్నీ నా దగ్గరికే వస్తాయి. తక్కినవి చదివి ఏం జేయాల?"

విమర్శ మీద మా ప్రొఫెసరు ఏడాది పాటు చెప్పినదానికంటే ఇది చిన్నది, పరీక్షలో రాయడానికి పనికిరానిది.

గదిలో ఆయన సొంత పుస్తకం ఒకటే. ఒక వారపత్రికలో ముప్పై ఆరు వారాలు వచ్చిన సీరియల్ నవల. వారం వారం పుటలు జాగ్రత్తగా వేరు చేసి, వరస పెట్టి కుట్టి, ఆకుపచ్చ కాలికో గుడ్డ అట్ట వేసుకున్నాడు. అప్పటికింకా ఆ నవల విడిగా పుస్తకంగా ఎక్కడా దొరికేది కాదు. కాబట్టి క్యాంపస్ మొత్తానికి నవల అంటే ఆ ఆకుపచ్చ అట్టే. మగపిల్లల హాస్టల్‌లో ఒక నెల, ఆడపిల్లల హాస్టల్‌లో రెండు నెలలు తిరిగేది. మా వాళ్లు నెలకే ఇచ్చేయడం చదువు మీద శ్రద్ధ వల్ల కాదు, తర్వాత అది ఎవరి చేతుల్లోకి వెళ్తుందో తెలిసి.

అందులో పంతొమ్మిదో వారం రాగానే అందరూ ఆగిపోయేవారు. నాయిక ఉద్యోగానికి మద్రాసు వెళ్లిపోతోంది. వీడ్కోలు చెప్పడానికి నాయకుడు స్టేషనుకు వస్తాడు. రైలు కొద్దిసేపే ఆగుతుంది. ఏం మాట్లాడాలో తోచక టీ తెస్తానని వెళ్తాడు. రెండు గ్లాసులతో తిరిగి వచ్చేసరికి రైలు లేదు. ఒకటి తాగుతాడు. రెండోది పట్టుకుని బెంచీ మీద కూర్చుంటాడు. టీ అమ్మేవాడు వచ్చి ఖాళీ గ్లాసు తీసుకుని, రెండోదాని కోసం చెయ్యి చాపుతాడు.

"ఉండు, ఆమె ఇంకా తాగుతోంది," అంటాడు నాయకుడు.

టీ అమ్మేవాడు ఖాళీ పట్టాల వైపు చూసి, "తాగనీయండి సార్, తొందరేం లేదు," అని వెళ్లిపోతాడు.

ఇంతే. నాలుగు పుటలు. మా మల్లేశం, నా గదివాడు, వరంగల్ జిల్లాలో ఇరవై ఎకరాలు దున్నే ఇంటి నుంచి వచ్చినవాడు, ఎద్దు చచ్చినా ఏడవనివాడు, ఆ నాలుగు పుటలు చదివి ముఖం కడుక్కోవడానికి వెళ్లి అరగంట రాలేదు. మెస్సులో ఎవడైనా పరధ్యానంగా కూర్చుంటే "ఆమె ఇంకా తాగుతోంది" అనడం అలవాటైపోయింది.

ఆ నాలుగు పుటలు బైండర్ సాబ్ రాసినవని అప్పటికి నాకు తెలియదు. తెలిస్తే అప్పుడే పాడుచేసి ఉండేవాణ్ణి.

అరవై ఏడు వానాకాలంలో ఆ నవల సినిమాగా వచ్చింది. తార్నాక చౌరస్తాలో గోడ మీద పోస్టరు పడిన రోజే, ఆదివారం మ్యాటినీకి ముషీరాబాద్ పోవాలని హాస్టల్ హాస్టలంతా తీర్మానించింది.

పుస్తకాల మీద తీసిన సినిమాలకు ఎలా వెళ్లాలో చెప్పడం బైండర్ సాబ్‌కు పాత అలవాటు. తాను మాత్రం ఏ సినిమాకూ వెళ్లేవాడు కాదు. సినిమాకు వెళ్లే వారం పుస్తకం ముట్టుకోకూడదు. కడుపు నిండా తిని పోవాలి. పుస్తకంలో నచ్చినవాటిలో ఒక్కటి, ఒకే ఒక్కటి, మనసులో పెట్టుకుని, అది కనబడితే చాలనుకోవాలి.

"పుస్తకం నీ ఇల్లు," అనేవాడు. "సినిమావాళ్లు బాడుగకు దిగినోళ్లు. మేకులు కొడతారు, సున్నం మారుస్తారు. నువ్వు ఈదిలో నిలబడి ఒకసారి చూసి రావాల. లోపలికి పోయి నా మంచం యాడ అని అడగకూడదు."

ఈసారి మాత్రం ఆయన సలహా మారింది. లైబ్రరీ మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"ఏమప్పా, అందరూ పోతాండారంట?"

"పోకుంటె ఎట్ల సాబ్? గ్లాసుల సీను తెర మీద చూడాలె."

"అది ఉండదులే."

"ఎట్ల ఉండదు? గా సీను తీసేస్తె సినిమాల ఏం మిగుల్తది, ఇంటర్వెల్లా?"

"ఉండదనుకోని పో. అంతే నేను చెప్పేది."

"మీరు ఎప్పుడు గిట్లనే అంటరు సాబ్. మీ మాట ఇంటే లగ్గానికి గూడ పిల్ల రాదనుకొని పోవాలె."

ఆయన నవ్వాడు. నా హాస్యాలకు ఆయన ఎప్పుడూ నవ్వేవాడు. అదే నా దురదృష్టం.

శనివారం మధ్యాహ్నం మా గదికి వచ్చాడు. హాస్టల్‌కు ఆయన రావడం అదే మొదటిసారి. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎప్పుడూ జిగురుకు వాడే మైదా మరకల బనీనులోనే చూసినవాణ్ణి కాబట్టి ఎవరో చుట్టమనుకున్నాను. గదిలో మల్లేశంతో పాటు ఇంకో నలుగురున్నారు. ఆయన మంచం అంచున, లేవడానికి వీలుగా కూర్చున్నాడు.

"నీతో ఒక మాట చెప్పాల అబ్బోడా."

"పెండ్లి మాటలైతె మా నాయనతోని మాట్లాడాలె సాబ్. నేనింక చిన్నోణ్ణి."

గది నవ్వింది. ఆయనా నవ్వి, నవ్వు అయ్యేదాకా ఆగాడు.

"అది కాదప్పా. ఆ పంతొమ్మిదో వారం ఉండాది సూడు..."

"ఉన్నది సాబ్. ఇరవయ్యో వారం కన్న జర ముంగట."

మళ్లీ నవ్వారు. ఆయన తన బొటనవేలి గోరు వైపు చూసుకున్నాడు. ఇంకో మాట అనబోయి, నా ముఖం చూసి, అది కూడా నేను ఎక్కడ పట్టుకుంటానో అనుకున్నట్టున్నాడు, లేచాడు.

"రేపు తిని పోండి," అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నా మాటకారితనాన్ని మల్లేశం సాయంత్రం దాకా మెచ్చుకున్నాడు.

మరునాడు హాలు దగ్గరికి వెళ్తే, బైండర్ సాబ్ అప్పటికే టికెట్టు తీసుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాడు. మాతో పాటే లోపలికి వచ్చి వరస చివర నా పక్కన కూర్చున్నాడు. సినిమా మొదలైంది. మేకులూ సున్నమూ బాగానే వేశారు. మేం ఓపిక పట్టాం. చివరికి స్టేషను వచ్చింది, రైలు వచ్చింది, నాయిక కిటికీ దగ్గర కూర్చుంది. హాస్టల్ మొత్తం ఊపిరి బిగబట్టింది.

నాయకుడు రాలేదు. అతనికి జ్వరం. అతని బదులు అతని స్నేహితుడు ఒక బుట్ట నిండా బత్తాయిలు తెచ్చి ఇచ్చాడు. రైలు కదిలింది. నాయిక పాట అందుకుంది.

"గ్లాసులేవిరా?" అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

"టీ అమ్మేటోన్ని పిలువుర్రి!"

"బత్తాయిలేందిరా, దవఖానకు పోతున్నదా?"

ఈలలు, కాళ్ల చప్పుళ్లు. టార్చిలైటు మనిషి వచ్చి మా ముఖాల మీద వెలుగు వేశాడు. ఆ వెలుగులో నేను బైండర్ సాబ్‌ను చూశాను. ఆయన కొంచెం ముందుకు వంగి, మా గోల ఏదీ వినబడనట్టు తెర వైపే చూస్తున్నాడు.

"ఓహో, జొరమా," అన్నాడు మెల్లగా. ఇంకెవరికో కాదు, తనకే.

తార్నాకకు తిరిగి వచ్చి ఇరానీ హోటల్లో కూర్చుని నిరసన సభ పెట్టాం. నవలలోని ప్రాణం లాంటి సన్నివేశాన్ని సినిమావాళ్లు తీసేస్తే ఎలా ఊరుకున్నారని రచయితకు ఉత్తరం రాయాలని నిర్ణయమైంది. రాసింది నేనే. గ్లాసుల సంగతి పూసగుచ్చినట్టు రాసి, "ఇంత గొప్ప సీను రాసిన చేతికి మా నమస్కారం" అని ముగించాను. మొదటి సంతకం బైండర్ సాబ్‌దే కావాలని పట్టుబట్టాం.

"పంపొద్దబ్బా," అన్నాడు ఆయన కలం పట్టుకుని.

"ఎందుకు సాబ్?"

"ఆయప్పకు శానా పనులుంటాయి."

మేం వినలేదు. ఆయన ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత అన్ని సంతకాలకూ కింద, ఒక మూల, చిన్న అక్షరాలతో పెట్టాడు.

మూడు వారాలకు నా పేర జవాబు కార్డు వచ్చింది. మర్యాదైన దస్తూరి. తన నవలలో నాయకుడు స్టేషనుకే రాలేదని, అతనికి జ్వరమని, సినిమావాళ్లు ఆ ఒక్క విషయంలో తన మాట నిలబెట్టారని రాశాడు. "మీరు చెప్పిన గ్లాసుల సన్నివేశం ఏ నవలలోదో తెలిస్తే నాకూ తెలపండి. చదువుతాను."

కార్డు జేబులో పెట్టుకుని రేకుల గదికి వెళ్లాను. ఆయన మైదా ఉడకబెడుతున్నాడు. కార్డు ఇచ్చాను. చదివాడు. చేతులు తుడుచుకుని మళ్లీ చదివాడు. తర్వాత పొయ్యి మీది గిన్నె దించి, చెప్పాడు.

ఆ పంతొమ్మిదో వారమే ఆయనకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. పత్రిక ఊళ్లో ఏజెంటు దగ్గరికి వచ్చేసరికి ఈయన రైల్లో ఉన్నాడు. ఇక్కడి ఏజెంటు కాపీలు అయిపోయాయన్నాడు. నవల ముగిసి కుట్టడానికి కూర్చుంటే పద్దెనిమిది తర్వాత ఇరవై. లైబ్రరీ పుస్తకాల్లో పుటలు పోతే, ఇంకో కాపీ చూసి ప్రెస్సులో అచ్చు వేయించి, అదే రంగు కాగితం వెతికి అతకడం ఆయన పనే. దీనికి ఇంకో కాపీ దొరకలేదు.

"గుంత పెట్టుకోని ఎట్ల కట్టేది?" అన్నాడు. "ఆయమ్మి పద్దెనిమిదిలో పోతానంటాది, ఇరవైలో మద్రాసులో ఉంటాది. మధ్యలో ఆయప్ప స్టేషనుకు పోకుండా ఉంటాడా అనుకున్నా. పోయుంటాడనుకోని రాసినా. ప్రెస్సులో కంపోజిటరు మావాడే. ఏమిచ్చినా చదవకుండా పేరుస్తాడు."

"మాకు ఎందుకు చెప్పలే సాబ్?"

"పుస్తకం బాగైతే చాలనుకున్నా. ఒకరిద్దరు చదువుతారులే అనుకున్నా. ఆ నాలుగు పుటలు మూడు మాట్లు ఊడొచ్చినాయి అబ్బోడా. మూడు మాట్లూ నేనే కుట్టినా." ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో వచ్చిన వెలుగు లాంటిది నేను అంతకుముందు చూడలేదు. వెంటనే తగ్గించేసుకున్నాడు. "మీ వాళ్లకు చెప్పొద్దప్పా. ఆయన రాసినాడనుకోని ఏడ్చినారు. నేను రాసినానంటే నవ్వుతారు."

"నవ్వరు సాబ్."

"నవ్వుతారు."

వెళ్లబోతూ తిరిగి అడిగాను. "నిజంగనే అయిందా సాబ్?"

"ఏంది?"

"గ్లాసులు."

ఆయన గిన్నెలో పుల్లతో తిప్పాడు. "టీ కాదు," అన్నాడు. "కాఫీ."

ఆ రహస్యాన్ని నేను నాలుగు రోజులు దాచాను. నా జీవితంలో అంతకు మించి ఏదీ దాచలేదు. ఐదో రోజు ఆదివారం, మెస్సులో మధ్యాహ్నం భోజనం దగ్గర ఎవడో "ఆమె ఇంకా తాగుతోంది" అన్నాడు. అందరూ నవ్వారు. నా దగ్గర అంతకంటే పెద్దది ఉందని నాకు తెలుసు. నోటికి వచ్చిన చమత్కారాన్ని మింగడం నాకు చేతకాదు. ఆయన్ని మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. కాని చెప్పింది నా పద్ధతిలో చెప్పాను. మైదా గిన్నె, దబ్బనం, బనీను, అన్నీ కలిపి, ఆయన యాసలో. మెస్సు పగిలిపోయేలా నవ్వింది.

మరునాడు నలుగురు రేకుల గదికి వెళ్లారు. "రచయితగారూ, జర సంతకం," అన్నాడొకడు. "సిరాతోని రాసిన్రా సాబ్, మైదతోనా?" అన్నాడు ఇంకొకడు. ఆయన నవ్వుతూ కుట్టుకుంటూ కూర్చున్నాడట. వారం తిరిగేసరికి, ఆ సీను చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లే, తమకు అప్పుడే అనుమానం వచ్చిందని చెప్పడం మొదలుపెట్టారు. "శైలి తేడా ఉండె," అన్నాడు తెలుగు ఎం.ఏ. వాడు. "వాక్యాలు మరీ పొట్టిగ ఉండె." మల్లేశం మాత్రం మెస్సులో నా ఎదురుగా కూర్చోవడం కొన్నాళ్లు మానేశాడు.

క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్లాను. ఆకుపచ్చ అట్ట పుస్తకం బల్ల మీద ఉంది. కొత్తగా కుట్టి ఉంది.

"సూడు, ఇప్పుడు సరిగా ఉండాది," అని తెరిచి చూపించాడు. పద్దెనిమిది. ఇరవై. మధ్యలో ఏమీ లేదు. అంత నున్నగా కుట్టాడు, ఏదో ఉండేదని కూడా తెలియదు.

"ఆ పుటలు నాకియ్యుర్రి సాబ్."

"లేవప్పా. వెన్నుకు వేసేసినా."

పుస్తకం వెన్ను గట్టిగా ఉండడానికి, పైగుడ్డకూ కుట్టుకూ మధ్యలో పాత కాగితం అతికిస్తారు. బైండరు చేతికి అందిన ఏ చిత్తుకాగితమైనా దానికి పనికివస్తుంది.

"ఏ పుస్తకానికి?"

"తెల్దు. ఆ వారం శానా కట్టినా."

నాకు క్షమించమనడం చేతకాదు. ఏదైనా హాస్యంగా అందామని చూశాను. వెతికాను కూడా. ఏమీ దొరకలేదు. ఆయన నా అవస్థ చూసి, "తిన్నావా?" అని అడిగాడు.

ఆ వేసవిలో ఆయనకు పదవీ విరమణ అయింది. నేను సెలవులకు ఇంటికి పోయాను. తిరిగి వచ్చేసరికి రేకుల గదికి తాళం ఉంది. ఊరికి వెళ్లిపోయాడన్నారు. కడప వైపు ఏ ఊరో అడిగితే లైబ్రరీలో ఎవరికీ తెలియదు. నేనూ ఇన్నాళ్లలో ఎప్పుడూ అడగలేదు.

ఆయన ఆ పుటలు తీసేసిన నెలలో కట్టిన పుస్తకాలు నూటికి పైగా ఉన్నాయి. కౌంటరు దగ్గర పట్టిక చూసి రాసుకున్నాను. ఒక్కొక్కటే తెచ్చుకుని, గదిలో తలుపు వేసుకుని, వెన్ను విప్పి చూస్తున్నాను. ఇప్పటికి పదకొండు చూశాను. ఒకదాని వెన్నులో పాత పరీక్ష పత్రం దొరికింది. ఒకదానిలో ఎవరిదో శుభలేఖ, ఇంకోదానిలో మా మెస్సు వాళ్లు ఎప్పుడో పెట్టిన వంటకాల పట్టిక. ఆ నాలుగు పుటలు దొరకలేదు. విప్పిన పుస్తకం అలాగే తిరిగి ఇస్తే కార్డు రద్దు చేస్తారు కాబట్టి, మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా ఆయన వేసినట్టే మైలుతుత్తం కలిపి, నేనే మళ్లీ కట్టాలి. మల్లేశం దాన్ని జావ అనుకుని గ్లాసు తెచ్చుకున్నాడు. సమయానికి ఆపాను. ఎందుకు చేస్తున్నావని అడిగితే చెప్పాను. ఈసారి ఆయన యాసలో చెప్పలేదు. మల్లేశం పుస్తకం అవతలి చివర పట్టుకుని కూర్చున్నాడు.

మొదటి నాలుగు వంకరగా వచ్చాయి. ఐదోదానికి దారం బిగువు తెలిసింది. నిన్న పదకొండోది తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. కౌంటరు దగ్గర ఉండే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వెన్ను మీద చెయ్యి వేసి చూశాడు.

"ఇది పాత బైండర్ సాబ్ కట్టిందే," అన్నాడు. "గా చెయ్యి మల్ల రాదు."

నేను కాదనలేదు.